వెలిగే ఎరుపు, వెలగని నీలం

మీ అమ్మ మెడలో నల్లపూసల మధ్యనో, అమ్మమ్మ చేతి ఉంగరంలోనో ఎర్రటి పగడం ఒకటి మీరు చూసే ఉంటారు. నవరత్నాలలో దానికీ ఒక చోటు ఉంది. అయితే కెంపు, నీలం, పచ్చల మాదిరి అది భూమిలో దొరికే రాయి కాదు. ముత్యంలాగే అది కూడా సముద్రంలో బతికే ఒక ప్రాణి తయారుచేసిన వస్తువు. పగడపు ప్రాణి తన మెత్తని ఒంటికి ఆధారంగా కట్టుకొన్న సున్నపు గూడు అది. ప్రాణి చచ్చిపోయినా గూడు మిగులుతుంది. దాన్ని సానపట్టి పూసలు చేస్తారు.

నగల పగడంలోని ఎరుపు ఆ గూటిలోనే కలిసి ఉంటుంది. క్యారెట్ దుంపకు రంగునిచ్చే పదార్థానికి అది దగ్గరి చుట్టం. కాని ఈ వ్యాసంలో మనం చెప్పుకోబోయేది ఆ పగడం గూర్చి కాదు. వెచ్చటి సముద్రాలలో, తీరానికి దగ్గరగా, దిబ్బలు దిబ్బలుగా పెరిగే పగడాల గూర్చి. వాటి గూడు ఎముకలా తెల్లగా ఉంటుంది. అయినా ప్రాణంతో ఉన్న పగడపు దిబ్బ మీదుగా ఈదేవారికి కింద గులాబి, ఊదా, నీలం, ఆకుపచ్చ, నారింజ, ఇలా రంగుల తోట ఒకటి కనిపిస్తుంది. గూడు తెల్లనిదైతే ఈ రంగులు ఎక్కడివి?

ఈ చిన్న ప్రశ్న వెంట పడిన శాస్త్రజ్ఞులకు దారిలో ఒక పొడుపుకథ ఎదురయింది. అది ఏమిటో, దాన్ని ఎలా విప్పారో చూద్దాం.

ఇల్లుగలవారూ, అద్దెకున్నవారూ

పగడపు ప్రాణిని పాలిప్ అంటారు. చాలా జాతులలో అది బియ్యపు గింజంతే ఉంటుంది. మెత్తని సంచిలాంటి ఒళ్ళు, పైన నోరు, నోటి చుట్టూ వేళ్ళలాంటి తంతువులు. ఇంతే దాని ఆకారం. వేలకు వేలు పాలిప్‌లు ఒకదానినొకటి ఆనుకొని, తరతరాలుగా సున్నపు గూళ్ళు కట్టుకొంటూ పోగా దిబ్బ తయారవుతుంది. మన దేశంలో లక్షదీవుల్లో, అండమాన్ దీవుల్లో, మన్నారు సింధుశాఖలో, కచ్ సింధుశాఖలో ఇలాంటి దిబ్బలున్నాయి. మన ఆంధ్ర తీరంలో మాత్రం లేవు. గోదావరి, కృష్ణ వంటి నదులు తెచ్చిపోసే మంచినీరూ, ఒండ్రుమట్టీ పగడాలకు సరిపడవు. పైరుకు పనికివచ్చే ఒండ్రు పగడానికి ఊపిరాడనివ్వదన్నమాట.

పాలిప్ ఒంట్లో మరొక చిన్న జీవి కాపురం ఉంటుంది. అది కంటికి కనిపించని ఒంటికణపు శైవలం. ఎండను పట్టుకొని చక్కెర తయారుచేసి, అందులో ఎక్కువ భాగం పగడానికి ఇస్తుంది. అద్దె కడుతున్నట్లే కదూ! ఈ శైవలాలు గోధుమ రంగులో ఉంటాయి. కనుక చాలా పగడాలు దూరానికి గోధుమ రంగుగానే కనిపిస్తాయి. అయితే గులాబి, నీలం, మెరిసే ఆకుపచ్చ వంటి రంగులు అద్దెకున్నవారివి కావు. అవి ఇల్లుగలవారివే. పగడం తన కణాలలో తానే తయారుచేసుకొనే ప్రోటీన్‌ల రంగులవి.

ఇది మామూలు సంగతి కాదు. ఎందుకంటే ప్రోటీన్‌లకు సాధారణంగా రంగుండదు. కోడిగుడ్డులోని తెల్లసొన చూడండి. ఉడకబెట్టకముందు నీళ్ళలాగే ఉంటుంది. గోళ్ళూ, వెంట్రుకలూ ప్రోటీన్‌లే. వెంట్రుకలోని నలుపు దాని ప్రోటీన్‌ది కాదు, అందులో చేరిన వేరే రంగుది. రక్తంలోని హీమోగ్లోబిన్ ఎర్రగా ఉంటుంది కదా అంటారేమో. ఆ ఎరుపు ప్రోటీన్ సొంతం కాదు. ఇనుము ఉన్న హీమ్ అనే మరొక అణువు ప్రోటీన్ ఒడిలో కూర్చుంటుంది, ఎరుపు దానిది. అంటే అరువు రంగు. పగడపు ప్రోటీన్ ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోదు. తన గొలుసులోని మూడు అమైనో ఆమ్లాలను తానే మెలిపెట్టి రంగు తయారుచేసుకొంటుంది. బయటినుంచి దానికి కావలసిందల్లా కొంచెం ఆక్సిజన్.

ఈ విద్య పగడాలలో ఉన్నదని మొదట ఎవరికీ తెలియదు. అది ముందుగా బయటపడింది ఒక జెల్లీ చేపలో.

తొట్టిలో మెరిసిన నీలి వెలుగు

1961 వేసవిలో ఒసాము షిమొమురా అనే జపాన్ శాస్త్రజ్ఞుడు అమెరికా పడమటి తీరంలో ఫ్రైడే హార్బర్ అనే చోటికి వెళ్ళాడు. అక్కడి సముద్రంలో దొరికే ఎక్వోరియా అనే జెల్లీ చేప అంచులు చీకట్లో వెలుగుతాయి. ఆ వెలుగునిచ్చే పదార్థాన్ని విడదీయాలని ఆయన, ఫ్రాంక్ జాన్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పూనుకొన్నారు. రోజుల తరబడి తిప్పలు పడ్డా పని జరగలేదు. వెలుగును కాసేపు నిద్రపుచ్చి, విడదీశాక మళ్ళీ లేపగలిగితే బాగుండునని షిమొమురాకు తోచింది. ఆమ్లం కలిపితే వెలుగు ఆగింది. ఆమ్లాన్ని విరిచేస్తే కొద్దిగా తిరిగి వచ్చింది. సరేనని మిగిలిన రసాన్ని కడుగుతొట్టిలో పారబోశాడు. ఒక్కసారిగా తొట్టి అంతా నీలంగా మెరిసింది!

తొట్టిలోకి పక్కనున్న చేపల తొట్టెలనుంచి సముద్రపు నీరు వస్తూ ఉండేది. ఆ నీటిలోని కాల్షియం తగిలి ప్రోటీన్ వెలిగింది. అసలు కిటుకు అక్కడే దొరికింది. ఆ నీలి వెలుగునిచ్చే ప్రోటీన్‌ను శుద్ధిచేస్తూంటే దాని పక్కనే మరొక ప్రోటీన్ కనిపించింది. ఎండలో అది ఆకుపచ్చగా మెరుస్తోంది. 1962లో వారు రాసిన పరిశోధన వ్యాసంలో ఈ రెండోదానికి దక్కిన చోటు చాలా తక్కువ. దానినే ఇప్పుడు హరిత ప్రతిదీప్తి ప్రోటీన్ అంటున్నాం. తరవాతి సంవత్సరాలలో షిమొమురా కుటుంబమంతా వలలు పట్టుకొని జెల్లీ చేపలు ఏరింది. మొత్తం ఎనిమిదిన్నర లక్షలు ఏరారట!

ఈ కథలో మిగిలిన ఘట్టాలు త్వరత్వరగా చెప్తాను. 1992లో డగ్లస్ ప్రాషర్ ఆ ప్రోటీన్ జన్యువును విడదీశాడు. 1994లో మార్టిన్ చాల్ఫీ ఆ జన్యువును ఒక చిన్న పురుగులో పెడితే పురుగు నాడీకణాలు ఆకుపచ్చగా వెలిగాయి. రోజర్ చెన్ దానిలో మార్పులు చేసి మరింత బాగా వెలిగేట్లు చేశాడు. షిమొమురా, చాల్ఫీ, చెన్‌లకు 2008లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

పాలకూరతో ఒక ప్రయోగం

ప్రతిదీప్తి అన్నాను కదా, అదేమిటో మీ వంటింట్లోనే చూడవచ్చు. నాలుగు పాలకూర ఆకులు మెత్తగా నూరి, మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో కలిపి, గుడ్డతో వడకట్టండి. స్పిరిట్ త్వరగా అంటుకొంటుంది. పొయ్యికీ, దీపానికీ దూరంగా, పెద్దవాళ్ళు దగ్గరుండగా చేయాలి. ఆకుపచ్చటి రసాన్ని గాజు గ్లాసులో పోసి, చీకటి గదిలో గట్టి టార్చిలైటు వేయండి. వెలుతురుకు ఎదురుగా నిలబడి రసంలోంచి చూస్తే ఆకుపచ్చగానే ఉంటుంది. పక్కనుంచి చూడండి. దానిమ్మ రసంలా ఎర్రగా కనిపిస్తుంది!

ఏం జరిగింది? ఆకులోని పత్రహరితం నీలి కాంతిని మింగి, ఆ శక్తిలో కొంత తనలోనే ఖర్చుపెట్టి, మిగిలినదాన్ని ఎర్ర కాంతిగా బయటికి వదిలింది. నీలి కాంతికి శక్తి ఎక్కువ, ఎరుపుకు తక్కువ. రూపాయి మింగి ముప్పావలా కక్కడంలాంటిది. ఇలా ఒక రంగు వెలుగు మింగి, వెంటనే మరొక రంగు వెలుగుగా వదలడమే ప్రతిదీప్తి. ఇందులో మింగిన కాంతి అంతా వేడిగా మారిపోతే వెలుగు బయటికి రాదు. అప్పుడు ఆ పదార్థానికి రంగు మాత్రం ఉంటుంది, మెరుపు ఉండదు. మన బట్టల రంగులు చాలావరకు ఇలాంటివే. ఈ తేడా గుర్తుంచుకోండి, పొడుపుకథ దీని మీదే నడుస్తుంది.

మాస్కోలో ఎరుపు, ఆస్ట్రేలియాలో నీలం

జెల్లీ చేప తన సొంత వెలుగుతో వెలుగుతుంది. ఆ నీలి వెలుగును ఆకుపచ్చగా మార్చడానికే దానికి ఈ ప్రోటీన్ ఉందని చాలామంది అనుకొనేవారు. కనుక సొంత వెలుగు లేని జంతువులలో దీనికోసం వెతకాలని ఎవరికీ తోచలేదు. అలా వెతికినవారు మాస్కోలోని మిఖాయిల్ మాట్జ్, యూలీ లాబాస్, సెర్గీ లుక్యానొవ్, వారి సహచరులు. పగడాలూ, వాటి చుట్టాలూ తమంత తాము వెలగవు. అయినా నీలికాంతి పడితే మెరుస్తాయి. అయితే వాటిలో మాత్రం ఈ ప్రోటీన్ ఎందుకుండకూడదు? మాస్కోకు పగడాల సముద్రం ఎంత దూరమో అట్లాసు తీసి చూడండి. కాని వేడుకకు రంగురంగుల సముద్ర జీవులను అద్దాల తొట్టెలలో పెంచేవారు ఏ నగరంలోనైనా ఉంటారు. అలాంటి తొట్టెలలో పెరిగే జీవుల నుంచే వారు జన్యువులు విడదీశారు. 1999లో వారు ప్రకటించిన ఆరు కొత్త ప్రోటీన్‌లలో ఒకటి ఎర్రగా వెలిగేది. డిస్కోసోమా అనే, పగడానికి దగ్గరి చుట్టమైన జంతువులోది. దాని పేరు డీఎస్‌రెడ్.

ఎరుపు కోసం శాస్త్రజ్ఞులు అంతకుముందు నుంచే ఎదురుచూస్తున్నారు. అరచేతి కింద టార్చి పెట్టి వెలిగించండి. వేళ్ళ సందుల్లో ఏ రంగు కనిపిస్తుంది? ఎరుపు! శరీరంలోంచి మిగిలిన రంగులకంటె ఎరుపే బాగా బయటికి వస్తుంది. అంచేత ఒంటి లోపలి కణాలను వెలిగించి చూడాలంటే ఎర్రదీపం మేలు.

ఇక ఆస్ట్రేలియా సంగతి. ఆ దేశపు ఈశాన్య తీరం పొడవునా రెండువేల కిలోమీటర్లకు పైగా గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బలు ఉన్నాయి. అక్కడి పగడాలలోని గులాబి, నీలి రంగు ప్రోటీన్‌లను 1995లో సోఫీ డవ్, ఆమె సహచరులు విడదీశారు. పోసిల్లోపోరా అనే పగడం పేరు మీద వాటిని పోసిల్లోపోరిన్‌లు అన్నారు. తరవాత పరిశీలిస్తే ఇవి కూడా జెల్లీ చేప ప్రోటీన్ కుటుంబానివేనని తేలింది. వీటిలో మాంటిపోరా అనే పగడపు ప్రోటీన్ ఒకటి చిక్కటి నీలం, నీలిమందు కలిపిన నీళ్ళలాగా. దాని పేరు ఆర్‌టీఎంఎస్5. పేరు బాగోలేదు, నిజమే! మనం దాన్ని 'నీలం' అనీ, డీఎస్‌రెడ్‌ను 'ఎరుపు' అనీ పిలుద్దాం.

ఎరుపు వెలుగుతుంది. నూరు కాంతి కణాలు మింగితే డెబ్బై దాకా తిరిగి వదులుతుంది. నీలం వెలగదు. పసుపు, నారింజ కాంతిని ఆబగా మింగుతుంది. అందుకే మన కంటికి మిగిలిన నీలం కనిపిస్తుంది. మింగినదంతా దాదాపు పూర్తిగా వేడి అయిపోతుంది.

ఇంతవరకు ఆశ్చర్యమేమీ లేదు, రెండూ వేరువేరు రంగు పదార్థాలు అనుకోవచ్చు. కాని జన్యువు చదివి చూస్తే? ఎరుపులో రంగును పుట్టించే మూడు అమైనో ఆమ్లాలు గ్లూటమిన్, టైరోసిన్, గ్లైసిన్. నీలంలో? గ్లూటమిన్, టైరోసిన్, గ్లైసిన్! అవే మూడు, అదే వరస. ఒకే పిండి, ఒకే బెల్లం, ఒకే నెయ్యి. ఒకరింట్లో బూరె అయింది, మరొకరింట్లో అప్పమయింది. ఇదీ ఆ పొడుపుకథ.

రోకలితో ముగ్గు వేయగలమా?

జవాబు తెలియాలంటే ప్రోటీన్ లోపలికి తొంగిచూసి, ఏ పరమాణువు ఎక్కడ ఉందో తెలుసుకోవాలి. సూక్ష్మదర్శినితో అది కుదరదు. ఆ తప్పు అద్దాలది కాదు, వెలుగుదే. మనం చూసే కాంతి తరంగాల పొడవు పరమాణువుల మధ్య దూరంకంటె కొన్ని వేలరెట్లు పెద్దది. రోకలి పట్టుకొని సన్నటి ముగ్గు గీత గీయగలమా? ఇదీ అంతే. అంత సన్నటి గీత గీయాలంటే అంత సన్నటి తరంగం కావాలి. అదే ఎక్స్‌రే. దాని తరంగం పొడవు మిల్లీమీటరులో సుమారు కోటో వంతు. ఈ కోటో వంతునే ఆంగ్‌స్ట్రాం అంటారు.

అయితే ఒక్క ప్రోటీన్ అణువు మీద ఎక్స్‌రే వేస్తే జాడ కూడా తెలియదు. కోట్లకొద్దీ అణువులు సైనికుల్లా వరసలు తీరి నిలబడాలి. అంటే స్ఫటికం కావాలి. పగడాలను దిబ్బల నుంచి కొట్టి తేనక్కరలేదు, అది నాకు ఎంతో నచ్చిన సంగతి. పగడపు జన్యువును ఒక బాక్టీరియాలో పెడితే అదే ప్రోటీన్ తయారుచేసి ఇస్తుంది. గాజుపళ్ళెంలో పెరిగిన బాక్టీరియా చుక్కలు నీలంగా మారతాయి! వాటిని చిదిమి, ప్రోటీన్‌ను శుద్ధిచేసి, ఆ ద్రావణం చుక్కనొకదాన్ని గాజుబిళ్ళకు తలకిందులుగా వేలాడదీస్తారు. కింద గుంటలో అంతకంటె చిక్కటి ఉప్పు ద్రావణం ఉంటుంది. మూత బిగించాక చుక్కలోని నీరు మెల్లమెల్లగా కిందికి ఆవిరై పోతుంది. అదృష్టం బాగుంటే రోజుల్లోనో, వారాల్లోనో స్ఫటికాలు కడతాయి. బాగోకపోతే బురదలాంటి ముద్ద మిగులుతుంది. వందల చుక్కలు వేలాడదీస్తే ఒకటో రెండో ఫలిస్తాయి. మామూలు ప్రోటీన్ స్ఫటికాలకు రంగుండదు కనుక అవి ఉప్పు స్ఫటికాలో, ప్రోటీన్‌వో పోల్చుకోవడమే కష్టం. మన నీలంతో ఆ బాధ లేదు.

ఎక్స్‌రే స్ఫటికంలోంచి పోతే ఏమవుతుంది? దీన్ని కూడా మీరు ఇంట్లో చూడవచ్చు. రాత్రిపూట సన్నటి నేత ఉన్న గుడ్డను, అమ్మ నైలాన్ చీర చెంగైనా సరే, కంటికి అడ్డం పెట్టుకొని దూరాన ఉన్న వీధిదీపం వైపు చూడండి. ఒక దీపం బదులు వరసలు తీరిన అనేక చుక్కలు కనిపిస్తాయి. గుడ్డ తిప్పితే చుక్కలూ తిరుగుతాయి. నేత మారితే చుక్కల మధ్య దూరం మారుతుంది. అంటే చుక్కలను కొలిస్తే, గుడ్డను ముట్టుకోకుండానే, నేత ఎలాంటిదో చెప్పవచ్చు! స్ఫటికం మీద ఎక్స్‌రే పడినపుడు అవతల ఇలాగే వేలకొద్దీ చుక్కలు పడతాయి. వాటి జాగాలూ, గాఢతలూ కొలిచి, కంప్యూటర్‌తో లెక్కకట్టి, స్ఫటికంలో ఎలక్ట్రానులు ఎక్కడ ఎంత దట్టంగా ఉన్నాయో పటం గీస్తారు. ఆ పటంలో ప్రోటీన్ గొలుసును పూసపూసగా అమరుస్తారు. అమర్చింది సరిగా ఉందా లేదా అని చూసుకోవడానికి ప్రపంచమంతటా ఈనాటికీ వాడే గీటురాయి ఒకటి మన దేశంలోనే పుట్టింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు 1963లో ప్రకటించిన 'రామచంద్రన్ పటం' అది. ప్రోటీన్ గొలుసు ఏయే కోణాలలో వంగగలదో, వేటిలో వంగలేదో అది చెప్తుంది.

గాదె లోపల దీపం

జెల్లీ చేప ప్రోటీన్ ఆకారం 1996లో తెలిసింది. ఎరుపుది 2000లో. నీలం ఆకారాన్ని మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ ప్రెస్కాట్, జేమీ రాస్‌జాన్, వారి సహచరులు 2003లో ప్రకటించారు. 2.2 ఆంగ్‌స్ట్రాంల వివరంతో వారు దాన్ని చూడగలిగారు.

మూడింటి పై ఆకారం ఒకటే. పల్లెటూళ్ళలో ధాన్యం పోసుకొనే వెదురు గాదె ఉంటుంది చూడండి, అచ్చం అలాంటిది. ప్రోటీన్ గొలుసు పదకొండుసార్లు పైకీ కిందికీ తిరిగి గాదె గోడ అల్లుతుంది. ఎత్తు సుమారు 42 ఆంగ్‌స్ట్రాంలు, అడ్డం 24. ఇలాంటి గాదెలను ఒకదానిమీద ఒకటి నిలబెడితే మిల్లీమీటరు ఎత్తుకు రెండు లక్షల ముప్ఫైవేలకు పైగా కావాలి. గాదె నడుమ నుంచి గొలుసు ముక్క ఒకటి మెలికలు తిరుగుతూ పోతుంది. ఆ ముక్క మధ్యలో, గాలిదుమారం తగలని దీపంలా, ఆ మూడు అమైనో ఆమ్లాల రంగు ముడి ఉంటుంది. ఎరుపులోనూ, నీలంలోనూ ఇలాంటి నాలుగు గాదెలు ఒకదానినొకటి ఆనుకొని ఒక జట్టుగా ఉంటాయి.

గాదె అవసరం ఎంతో తెలుసా? గోడ విప్పేస్తే, అంటే ప్రోటీన్‌ను ఉడకబెడితే, ముడి చెక్కుచెదరకపోయినా వెలుగు ఆరిపోతుంది.

రంగు ముడిలో రెండు చక్రాలున్నాయి. ఒకటి టైరోసిన్ తెచ్చిన ఆరుమూలల చక్రం, రెండోది మెలిపెట్టగా ఏర్పడిన అయిదుమూలల చక్రం. రెంటినీ కలుపుతూ ఒక చిన్న వంతెన. ఎలక్ట్రానులు ఈ చక్రాలమీదా, వంతెనమీదా ఇటూ అటూ తిరగగలవు. తిరిగే మేర పెరిగినకొద్దీ మింగే కాంతి నీలం వైపు నుంచి ఎరుపు వైపు జరుగుతుంది. పగడపు ప్రోటీన్‌లలో ఈ మేర జెల్లీ చేపలోకంటె ఒక బంధం పొడుగు. అందుకే జెల్లీ చేపది ఆకుపచ్చ, డిస్కోసోమాది ఎరుపు.

సరే, ఎరుపుకూ నీలానికీ తేడా ఎక్కడ? పటం చూసినవారికి తేడా వెంటనే కనిపించింది. ఎరుపులో రెండు చక్రాలూ ఒకే బల్లమీద పరిచినట్లు సమంగా ఉన్నాయి. నీలంలో టైరోసిన్ చక్రం వంతెనకు రెండోవైపుకు తిరిగిపోయింది. అంతే కాదు, బల్ల మీదినుంచి పక్కకు ఒరిగి ఉంది. పరమాణువులు అవే, బంధాలు అవే, కూర్చున్న తీరు వేరు!

కూర్చున్న తీరుకూ వెలుగుకూ సంబంధమేమిటి? తంబురా తీగను బిగించి మీటండి, పలుకుతుంది. వదులుచేసి మీటండి, తీగ అటూఇటూ కొట్టుకొంటుంది గాని పలకదు. మీ వేలు ఇచ్చిన శక్తి కొట్టుకోవడంలోనే పోయింది. కాంతిని మింగిన ముడి కూడా మీటిన తీగవంటిదే. చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాలు దాన్ని సమంగా, కదలకుండా పట్టుకొంటే ఆ శక్తి వెలుగుగా బయటికి వస్తుంది. పట్టు సరిగా లేకపోతే చక్రం మెలితిరుగుతూ శక్తిని వేడిగా వదిలేస్తుంది.

ఇక్కడితో కథ చక్కగా ముగిసినట్లే ఉంది కదూ? కాని ఆ శాస్త్రజ్ఞులు అక్కడ ఆగలేదు. నీలం గొలుసులో 146వ చోట, రంగు ముడి దగ్గరగా, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉంది. దాన్ని తీసి అంతకంటె చిన్నదైన సెరిన్‌ను పెట్టారు. నీలం వెలగసాగింది! అయితే దాని చక్రాలు సమంగా సర్దుకొని ఉంటాయని మీరు అనుకొంటారు, నేనూ అలాగే అనుకొన్నాను. స్ఫటికం చేసి 2.4 ఆంగ్‌స్ట్రాంల వివరంతో చూస్తే చక్రం ఇంకా ఒరిగే ఉంది. ఒరిగి ఉండి కూడా వెలుగుతోంది. అంటే 'సమంగా ఉంటే వెలుగు, ఒరిగితే చీకటి' అని ఒక్క ముక్కలో చెప్పేయడానికి వీలులేదన్నమాట. ముడిని చుట్టూ ఉన్నవారు ఎలా పట్టుకొన్నారన్నది మొత్తంగా చూడాలి. పాఠ్యపుస్తకంలో రాయడానికి ఇది కొంచెం ఇబ్బందే. నాకు మాత్రం ఆ పరిశోధనలో అన్నిటికంటె నచ్చిన భాగం ఇదే.

కిటికీ పక్కన మరచిన గొట్టం

పగడపు ప్రోటీన్‌లలో ఇంకొక వింత జపాన్‌లో బయటపడింది. అక్కడి రికెన్ సంస్థలో అట్సుషి మియవాకి బృందం ట్రాకిఫిల్లియా అనే పగడం నుంచి ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ విడదీసింది. ఒకనాడు ఆ ప్రోటీన్ ఉన్న గొట్టాన్ని బల్లమీద మరచిపోయారు. మర్నాడు చూస్తే అది ఎర్రబడి ఉంది. ఎవరైనా పాడైపోయిందని పారబోస్తారు. వారు మాత్రం ఎందుకని ఆలోచించారు. బల్ల దక్షిణపు కిటికీ పక్కన ఉంది. ఎండలోని అతినీలలోహిత, ఊదా కిరణాలు తగిలి రంగు ముడి పక్కన గొలుసు తెగి, ఎలక్ట్రానులు తిరిగే మేర పెరిగిందని తరవాత తేలింది. శరత్కాలంలో ఆకుపచ్చనుంచి ఎరుపుకు మారే ఒక చెట్టు ఆకు పేరుమీద 2002లో దానికి 'కయెడె' అని పేరు పెట్టారు. ఇలా వెలుగుతో మార్చగల ప్రోటీన్‌లు ఉండబట్టే మామూలు సూక్ష్మదర్శినికి అందని వివరాలను కణంలో చూడటం 2006లో ఎరిక్ బెట్జిగ్‌కు సాధ్యమయింది. 2014లో ఆయనకు, మరిద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది.

మరి పగడానికి ఏం లాభం?

పగడం మన సూక్ష్మదర్శినుల కోసం రంగులు తయారుచేయడం లేదు కదా. లోతులేని తేటనీటిలో ఎండ తీవ్రంగా ఉంటుంది. అద్దెకున్న శైవలాలకు ఎండ కావాలి గాని మరీ ఎక్కువైతే వాటికి హాని. నీలంవంటి ప్రోటీన్ ఎక్కువైన కాంతిని మింగి చల్లగా వేడిచేసి వదిలేస్తుంది. అంటే అది ఇంటిమీద వేసిన తాటాకు పందిరి. వెలగకపోవడమే దాని ఉద్యోగం! పగడపు కొమ్మలలో కొత్తగా పెరిగే చివరల్లో ఇంకా శైవలాలు తక్కువ. అక్కడ ఈ రంగులు చిక్కగా ఉంటాయి.

సముద్రం నీరు మామూలుకంటె ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం తన శైవలాలను బయటికి పంపేస్తుంది. ఒంటిలోంచి తెల్లని గూడు కనిపిస్తుంది. దీన్నే పగడాలు వెలిసిపోవడం అంటారు. నీరు త్వరగా చల్లబడకపోతే తిండిలేక పగడం చచ్చిపోతుంది. గ్రేట్ బారియర్ రీఫ్‌లో 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరాలలో ఇది పెద్దఎత్తున జరిగింది. 2016 నుంచి సంవత్సరాల మధ్య ఎడం ఎంత తగ్గిందో మీరే తీసివేసి చూడండి.

అయితే కొన్ని పగడాలు ఇలా వెలిసినపుడు తెల్లబడవు. ముందెన్నడూ లేనంతగా గులాబి, ఊదా, నారింజ రంగుల్లో మెరుస్తాయి. చూసేవారు ఎంత బాగున్నాయో అనుకొంటారు. దీనికి కారణమేమిటో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో యోర్గ్ వీడెన్‌మన్, ఆయన సహచరులు 2020లో వివరించారు. శైవలాలు పోగానే ఇంట్లో కాంతిని మింగేవారు లేరు. తెల్లని గూడు ఆ కాంతిని తిప్పి తిప్పి కొడుతుంది. పగడపు కణాలలో నీలికాంతి పెరిగిపోతుంది. ఆ నీలికాంతే రంగు ప్రోటీన్‌ల జన్యువులను తట్టిలేపుతుంది. పందిరి దట్టమవుతుంది. దాని నీడలో శైవలాలు తిరిగివచ్చి కాపురం పెట్టగలిగితే, అవి మళ్ళీ కాంతిని మింగడం మొదలుపెడతాయి. పగడం తన రంగులు తగ్గించుకొంటుంది.

ఇదంతా వేడి కొద్దిగా, కొద్దికాలమే ఉన్నపుడు మాట. వేడి మరీ ఎక్కువైతే రంగు ప్రోటీన్‌లు తయారుచేయడానికి పగడానికి వ్యవధి ఉండదు. అది తెల్లగానే ఉండిపోతుంది.